సాంచెలు ఆపితే వినపడేది

నేను పిరికివాణ్ణి. మున్సిపాలిటీల్లో ఇళ్ల అనుమతులు చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఇలా మొదలుపెట్టకూడదని మా ఆవిడ అభిప్రాయం. "గింత నౌకరి చేసి పిరికోణ్ణని రాసుకుంటరా ఎవలన్న? మంది నవ్వుతరు" అంటోంది. నవ్వనీ. ఈ మధ్య టౌన్ ప్లానింగ్‌లో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు జగిత్యాలలో మా ఇంటికి వచ్చారు. రూల్సన్నీ వాళ్ల ఫోన్లలోనే ఉన్నాయి. "సార్, సెట్‌బ్యాకులు, జోన్లు, ఎత్తులు అన్నీ మాకు తెల్సు. తెల్వనిది ఏమన్న ఉంటే చెప్పుండ్రి" అన్నారు. అప్పటికప్పుడు ఏమీ తోచక చాయ్ ఇచ్చి పంపేశాను. వాళ్లు గేటు దాటాక గుర్తొచ్చింది, చెప్పాల్సింది భయం గురించి అని. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ బదిలీ ఆర్డర్ల గురించీ రాయను. అవి నాకే విసుగు.

ఈ భయం నాకు మా నాయన నుంచి వచ్చింది. ఆయన గొల్లపల్లి దగ్గరి మా పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఎక్కే ముందు ప్రతిసారీ మోకును, అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడును, రెండు చేతులా గుంజి చూసేవాడు. పొద్దున చూసిన మోకునే సాయంత్రం మళ్లీ చూసేవాడు. తర్వాత చెట్టుకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. మొక్కుతున్నాడేమో అనుకునేవాణ్ణి. ఒకసారి అడిగేశాను. "మొక్కుడు కాదు కొడకా. భయమైతది. గది జర తగ్గిందాక నిలవడుత" అన్నాడు. ఊళ్లో ఆయన్ను ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. ఆయన ముసలితనం వచ్చాక మంచం మీద పోయాడు, చెట్టు మీద నుంచి పడి కాదు. ఎగతాళి చేసినవాళ్లలో అందరికీ అలా జరగలేదు.

మంచం పట్టని సందు

నా మొదటి పోస్టింగు కోరుట్ల. అక్కడ వెంకటనర్సయ్య సార్ అని నా పైన ఒక సూపర్‌వైజర్ ఉండేవారు. పొట్టి మనిషి. ఎప్పుడూ ఎవరి మీదో ఒకరి మీద కోపంగా ఉండేవారు. ఏ ఇంటికి పోయినా నన్ను టేపు తీయనిచ్చేవారు కాదు. "టేపు ఏడికి వోతది? ముందుగాల గోడకు చెయ్యి పెట్టు" అనేవారు. చెయ్యి పెడితే ఏం తెలుస్తుంది సార్ అంటే, "పెట్టంగ పెట్టంగ తెలుస్తది, నోరు ముయ్యి" అనేవారు. నిజంగానే కొన్నాళ్లకు తెలియడం మొదలైంది. రోడ్డు మీద లారీ పోయినప్పుడు మంచి గోడ ఒక్కసారి అదిరి ఊరుకుంటుంది. పునాది సరిగ్గా లేని గోడ లారీ పోయాక కూడా కాసేపు ఊరుకోదు. ఆ తేడా మొదటిసారి నా చేతికి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటిదాకా ఎన్ని ఇళ్లలో నిశ్చింతగా కూర్చుని చాయ్ తాగానో గుర్తొచ్చింది.

ఆయన చేసిన ఒక పని చెప్పాలి. ఇంటికీ ప్రహరీ గోడకూ మధ్య రూలు ప్రకారం కొంత జాగా వదలాలి. మనం సెట్‌బ్యాక్ అంటాం, జనం సందు అంటారు. రాజేశం అనే బట్టల దుకాణపాయన ఆ సందు మీద రేకులేసి, అట్టపెట్టెలు నింపేశాడు. ఇల్లూ దుకాణమూ ఒకటే. "గీ సందుల పిల్లులు తప్ప ఎవలు తిరుగుతరు సార్? జాగ ఉత్తగ వోతుంది" అన్నాడు.

వెంకటనర్సయ్య సార్ నోటీసు తీయలేదు. "ఒక మంచం తెప్పియ్ రాజేశం" అన్నారు. మంచం వచ్చింది. "పండు" అన్నారు. రాజేశం నవ్వుతూ పడుకున్నాడు. దుకాణంలో పనిచేసేవాళ్లను పిలిచి, ఆ మంచాన్ని మోసుకుని సందులోంచి రోడ్డు మీదికి తీసుకురమ్మన్నారు. సగం దూరం పోయేసరికి మంచం ఇరుక్కుంది. పైన రేకులు కాలుతున్నాయి, రెండు పక్కలా గోడలు మోచేతులకు తగులుతున్నాయి, వెనక మోసేవాడికి ముందు ఏముందో కనపడదు. రాజేశం నవ్వడం ఆపేశాడు. కాసేపటికి "దించుండ్రి" అన్నాడు. ఆ తర్వాత "దించుండ్రిరా, మీ అయ్య! దమ్మాడుతలేదు!" అని కేక పెట్టాడు.

"నీకు గుండెపోటొచ్చినా, ఇంట్ల నిప్పంటుకున్నా నిన్ను గిట్లనే తీస్కరావాలె" అన్నారు సార్, సందు ఇవతల నిలబడి. "గిప్పుడు పొగ కూడ లేదు. చూస్కో, ఎట్ల చెమటలు వట్టినయో."

రాజేశం మర్నాడే రేకులు విప్పించుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే ఫోన్లో వీడియో తీసి పెడతారు, విచారణ వస్తుంది. చేయమని నేను చెప్పను. కానీ సెట్‌బ్యాక్ అనే మాట ఎక్కడ కనపడినా నాకు ఇప్పటికీ ఆ మంచం, దాని మీద రాజేశం మొహం గుర్తొస్తాయి. మీకూ ఏదో ఒకటి గుర్తు రావాలి. లేకపోతే అది కాగితం మీద ఒక అంకె మాత్రమే.

అమ్మేటప్పుడు ఎటు వోయినవు

జగిత్యాలలో పనిచేసినప్పుడు భూమి రంగులతో నాకు పని పడింది. మాస్టర్ ప్లాన్ అంటే ఊరి పటం మీద ఏ భూమి దేనికో రంగు వేసి చెప్పడం. పసుపు ఉంటే ఇళ్లు, ఆకుపచ్చ ఉంటే సాగు, నీలం ఉంటే నీళ్లు. ఆఫీసు గోడకు ఆ పటం వేలాడుతూ ఉండేది. మా ఆఫీసువాళ్లం తప్ప దాన్ని చూసేవాళ్లు తక్కువ.

నర్సవ్వ అని బీడీలు చుట్టుకుని బతికే మనిషి, ఇంటి అనుమతి కావాలని వచ్చింది. ప్లాటు చూపించడానికి నన్ను వెంట తీసుకుపోయింది. తెల్ల సున్నం వేసిన హద్దురాళ్లు వరసగా ఉన్నాయి. తన ప్లాటులో ఆమె అప్పటికే ముగ్గుతో ఇల్లు గీసి పెట్టుకుంది. "గిది దర్వాజ సారూ, గిది వంటర్ర, గీడ కూసోని బీడీలు చేసుకుంట" అని గీతల మధ్య నడుస్తూ చూపించింది. గీత తొక్కకుండా దర్వాజ దగ్గరి నుంచే లోపలికి రమ్మంది. నేను కాళ్ల కింద చూశాను. కింద ఇసుక, పక్కన తుంగ. అది ఒర్రె. వానాకాలం పైనున్న చెరువు నిండితే నీళ్లు దిగిపోయే దారి. పటం మీద నీలం గీత.

అనుమతి రాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

"నీళ్లు ఏడున్నయి సారూ? గీడ నీళ్లు నేనెన్నడు సూడలె" అంది. వాన పడితే వస్తాయని చెప్పాను. ఈ జాగాలో ఇల్లు కడితే పిల్లాజెల్లాతో మునుగుతారని చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "గీ రాళ్లు పాతంగ మీ ఆపీసు ముందల్నుంచే బండ్లు వోయినయి. మరి అమ్మేటప్పుడు ఎటు వోయినవు సారూ?" అంది.

ఆమె గీసుకున్న దర్వాజలోంచే బయటికి నడిచాను. ఆ ఏడు వానలకు పోయి చూస్తే ముగ్గు వేసిన చోట బురదనీళ్లు సుడి తిరుగుతున్నాయి. రూలు నిలబడిందని సంతోషించాలి కదా, నాకు నర్సవ్వ ఎదురుపడుతుందేమోనని భయమేసి తొందరగా వచ్చేశాను. కొత్తవాళ్లకు నా మాట ఒక్కటే: అనుమతి కోసం వచ్చినప్పుడు కాదు, హద్దురాళ్లు పాతుతున్నప్పుడు పోండి. అప్పుడు ఎవరూ మిమ్మల్ని పిలవరు. పిలవకపోయినా పోండి.

గోడలన్నీ వణికే ఊరు

సిరిసిల్లకు బదిలీ అయ్యాక నాకు చేతులు విరిగినట్టయింది. ఎందుకంటే సాంచెలు నడిచే వాడల్లో ప్రతి గోడా వణుకుతుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. చాలా ఇళ్లలో కింద సాంచెలు, పైన కాపురం. గ్లాసులో నీళ్లు నిలవవు. గోడకు తగిలించిన దేవుడి పటం నెలకోసారి సరిచేసుకోవాలి. పసిపిల్లలు ఆ చప్పుడులోనే నిద్రపోతారు. కరెంటు పోయి సాంచెలు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు.

వెంకటనర్సయ్య సార్ నేర్పిన విద్య అక్కడ పనికిరాలేదు. మంచి గోడ ఏదో, ఇవాళో రేపో పడే గోడ ఏదో నా చేతికి తెలియలేదు. అన్నీ ఒక్కలాగే వణికేవి. అప్పటి మా పై అధికారి చెడ్డవాడు కాదు, పని ఎక్కువ, మనుషులు తక్కువ. "రోడ్డు మీద నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. ఎక్కువుంటే నోటీసివ్వండి, వచ్చేయండి. అన్ని ఇళ్లలోకి దూరితే తెమలదు" అనేవారు. ఆయన మాట ప్రకారం కొన్నాళ్లు అలాగే చేశాను. అనుమతి లేని అంతస్తు ఎప్పుడూ పైన ఉంటుంది కాబట్టి మా తలలు ఎప్పుడూ పైకే ఉండేవి.

సగం కంబం

సత్తయ్య ఆసామి. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని సొంత సాంచెల మీద బట్ట నేయించే చిన్న యజమానిని అక్కడ అలా పిలుస్తారు. కింద సాంచెలు, పైన ఇల్లు. ఆ పైన అనుమతి లేకుండా ఇంకో అంతస్తు వేస్తున్నాడని వాడకట్టు వాళ్లు ఫిర్యాదు చేశారు. పోయాను, రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టాను, నోటీసు రాయడం మొదలుపెట్టాను. సత్తయ్య ఎదురొచ్చి, మర్యాదగా, "లోపటికి రాండ్రి సార్, ఎండల ఎందుకు? కొత్త దర్వాజ పెట్టిపిచ్చిన, చూద్దురు గని" అన్నాడు.

దర్వాజకు పసుపు కుంకుమ ఇంకా పచ్చిగా ఉన్నాయి. వాస్తు పంతులు చెప్తే దర్వాజను ఉత్తరం దిక్కుకు జరిపించాడట. గడప దాటి లోపలికి పోగానే ఎదురుగా, పైనుంచి కిందిదాకా ఒక తెల్లబట్ట వేలాడుతోంది. వాళ్ల సాంచెల మీద నేసిందే. ఏ బట్టల దుకాణమో కాదు కదా, ఇంటి మధ్యలో తెర ఎందుకు అనుకున్నాను. అలవాటు కొద్దీ గోడకు చెయ్యి పెట్టాను. వణుకుతోంది. అన్ని గోడల్లాగే.

అప్పుడు ఆ తెర పక్కనున్న సాంచ మీద నా చూపు పడింది. సాంచెల షెడ్డులో అంతా నూలు పీచే. తెల్లగా, మంచు కురిసినట్టు, ఇనుము మీద, దీపాల మీద, మనుషుల తలల మీద ఉంటుంది. ఆ ఒక్క సాంచ మీద పీచు బూడిద రంగులో ఉంది. వేలితో రాసి చూశాను. సిమెంటు.

భయమేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, అదేదో బాధ్యత గుర్తొచ్చి కాదు. ముందు బయటికి పరుగెత్తాలనిపించింది.

"సత్తయ్యా, సాంచెలు ఆపు" అన్నాను. చప్పుడులో అతనికి వినపడలేదు. అరిచాను. అతను నవ్వాడు. "ఆపుడెందుకు సార్? మీటర్ల లెక్క కూలి వీళ్లకు. ఆపితే తిడుతరు." సాంచెలు నడిపేవాళ్లలో పెద్దవాడు మల్లేశం నన్ను చూశాడు, తన ఆసామిని చూశాడు. నా మొహంలో ఏం కనపడిందో, అడగకుండానే తన సాంచ ఆపాడు. తర్వాత పక్కవాడి సాంచ. ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అంత చప్పుడు తర్వాత చెవులు గింగురుమన్నాయి. వెంటనే పైనుంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ఏడుపు ఒక్క క్షణం ఆగినప్పుడు, తెర వెనక నుంచి 'చిట్' అని ఒక చప్పుడు. తర్వాత ఇసుక రాలుతున్న చప్పుడు. మళ్లీ 'చిట్'.

తెర లాగేశాను. దాని వెనక ఇంటి నడిమి కంబం, బరువంతా మోసే స్తంభం, సగమే ఉంది. సగం చెక్కేశారు. లోపలి ఇనుప చువ్వలు బయటపడి, బరువుకు బయటికి వంగి ఉన్నాయి. పైన దూలంలో పగులు నా వేలు పట్టేంత ఉంది.

"గిదేంది సత్తయ్యా?"

"గదా సార్?" అన్నాడు, తప్పు చేసినవాడిలా కాదు, తెలివిగా ఒక పని చక్కబెట్టినవాడిలా. "దర్వాజ జరిపినంక కంబం ఎదురొచ్చింది. దర్వాజకు ఎదురుంగ కంబముంటే ఇంటికి పోటంట, మొత్తం తీసేయుమన్నడు పంతులు. నేను గంత ఆగమాగం మనిషిని కాదు సార్. కంబం తీస్తే ఇంజనీర్లు ఊకోరని నాకు తెల్వదా? గందుకే దర్వాజకు అడ్డమొచ్చిన సగమే చెక్కిపిచ్చిన. పంతులు మాటా పోలె, మీ మాటా పోలె."

మా జిల్లాలో ఇల్లు కట్టే మనిషి ఇద్దరికి భయపడతాడు: వాస్తుకూ మున్సిపాలిటీకీ. ఇంటికి మాత్రం భయపడడు. ఇద్దరి మాటా సగం సగం నిలబెట్టానని సత్తయ్య నమ్మకం. ఆ సగం కంబం మీద ఒక కాపురం, దాని మీద కొత్తగా వేస్తున్న ఇంకో అంతస్తు, కింద పొద్దస్తమానం సాంచెల అదురు.

మొదటి మెట్టు

పనివాళ్లను బయటికి పొమ్మన్నాను. మల్లేశం అందరినీ తోసుకుంటూ తీసుకుపోయాడు. "పైన ఎవరున్నారు?" అని అడిగితే సత్తయ్య గొంతు మొదటిసారి తగ్గింది. "మా బిడ్డ మౌనిక సార్. పురుటికొచ్చింది. మా అవ్వ ఉన్నది, బాలింతను చూస్కుంట."

"దించు. ఇప్పుడే దించు."

"గట్లెట్ల సార్? పురుడు తీరలె ఇంకా. మా అవ్వ ఒప్పుకోదు."

రోడ్డు మీదికి వచ్చి మా పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన నన్ను నమ్మారు. కానీ మనుషుల్ని ఇంట్లోంచి ఖాళీ చేయించాలంటే ఇంజనీరు రిపోర్టు కావాలి, ఆర్డరు కావాలి. "రాసి పెట్టండి, రేపటికల్లా తెప్పిస్తాను" అన్నారు. రూలు ప్రకారం అది సరైన మాటే. రూలుకు రేపు ఉంటుంది. నాకు ఆ 'చిట్' చప్పుడు చెవిలో ఉంది.

మళ్లీ లోపలికి పోయాను. మెట్ల పైన సత్తయ్య తల్లి లచ్చవ్వ నిలబడి ఉంది. సన్నటి ముసలామె, కొప్పు బిగించి, కొంగు నడుముకు చెక్కి ఉంది. "ఏంది సారూ లొల్లి? సాంచెలాపి పోరిని లేపిండ్రు" అని మొదలుపెట్టింది. ఇల్లు పడిపోయేలా ఉంది, బాలింతనూ బిడ్డనూ దించాలని చెప్పాను. రూలు చెప్పాను, నోటీసు చూపించాను, కేసవుతుందని బెదిరించాను కూడా.

"పురుడు తీరకముందుకు బాలింతను గడప దాటిస్తమా? పచ్చి బాలింతను! గాలి సోకితే నువ్వొచ్చి చూస్తవా? నోటీసంట నోటీసు. నోటీసులు మస్తు చూసిన."

నేనే పైకి పోయి చెప్పాలి అనుకున్నాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. రెండో కాలు లేవలేదు. ఎంత ప్రయత్నించినా లేవలేదు. మెట్ల పక్క కడ్డీ పట్టుకుంటే నా చేతి వణుకుకు కడ్డీ టకటకమని మోగింది. సిగ్గుతో తల వంచుకున్నాను. నా ముప్పై ఏళ్ల నౌకరి, నా హోదా, అన్నీ ఆ మెట్టు మీదే ఆగిపోయాయి.

లచ్చవ్వ ఆ చప్పుడు విని రెండు మెట్లు దిగింది. "ఏంది సారూ, జరమొచ్చిందా?"

"లేదవ్వా. భయమైతుంది."

"ఎవలికి?"

"నాకే. నీ మెట్లు ఎక్కాలంటే కాళ్లు లేస్తలేవు. నేను పైకి రాలేను."

ఆమె ఇంకొంచెం దిగి నా చెయ్యి పట్టుకుని చూసింది. నా వేళ్లు ఆమె చేతిలో కొట్టుకుంటున్నాయి. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "సత్తెగా! ఆపీసర్లు మనల్ని భయపెడుతరు గని వాళ్లు భయపడుడు నేనెన్నడన్న సూసిన్నార? గీయన భయపడుతుండురా." ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గబగబా పైకి పోయింది.

కాసేపటికి దిగారు. ముందు లచ్చవ్వ, ఒక చేతిలో కొడవలి, ఒక చేతిలో వేపరొట్ట. ఇనుము ముందుంటే బాలింతకు ఏదీ సోకదని వాళ్ల నమ్మకం. వెనక చెవులకు గుడ్డ చుట్టుకుని మౌనిక, ఆమె గుండెకు ఆనుకుని ఆ పిల్ల. బయటికి వచ్చాక ఎక్కడ ఉంచాలి? పురుటి మైల అని పక్కింటివాళ్లు తలుపులు దగ్గరికి వేసుకున్నారు. మల్లేశమే ముందుకొచ్చి, "మా ఇంటికి తోల్కరాండ్రి అవ్వా. ఒక్క అర్రే ఉన్నది, మేం అరుగు మీద పంటం" అన్నాడు.

ఒక్క సాంచ

ఆ సాయంత్రం పైఅంతస్తు మేస్త్రీని పట్టుకుని దూలం కింద ఇనుప జాకీలు పెట్టించాను. అవి మందు కాదు, కట్టు మాత్రమే. ఇంటికి తాళం వేయమని సత్తయ్యకు చెప్పాను. మైల పడ్డ మనిషిని చూసినట్టు నన్ను చూశాడు. "మీ భయానికి నా బిడ్డను పరాయింట్ల పండవెట్టిన సార్. పిల్లకు ఏమన్న అయితే మిమ్ముల ఇడువ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ వాడకు పోయాను. మల్లేశం చాయ్ హోటల్ ముందు ఉన్నాడు. పనివాళ్లు ఎవరూ సత్తయ్య ఇంటికి పోలేదు. ఆసామి పిలిచాడట. "సార్ చేతులు వణికినయి, నేను చూసిన. నేను రాను అన్న" అన్నాడు మల్లేశం. చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి సాంచ చప్పుడు వినపడింది. సత్తయ్య ఇంట్లోంచి. ఒక్కటే సాంచ. సాంచ మీద నేస్తున్న నూలు సగంలో ఉంది, బట్ట ఇచ్చే గడువు దగ్గరపడింది, పనివాళ్లు రాకపోతే తనే దిగాడు.

పరుగెత్తాలి. పరుగెత్తలేదు. మల్లేశం నా కంటే ముందు లేచి "సత్తన్నా! సత్తన్నా!" అని అరుస్తూ పోయాడు. అతను సగం దూరం పోయేసరికి సాంచ ఆగింది. కొత్త దర్వాజలోంచి సత్తయ్య చెప్పుల్లేకుండా, ఒళ్లంతా పీచుతో, దూసుకొచ్చి రోడ్డు మీద బోర్లా పడ్డాడు. వెనకాలే ఇంటి నడుము దిగిపోయింది. పెద్ద పేలుడు చప్పుడేమీ రాలేదు. ఎవరో బరువుగా నిట్టూర్చినట్టు వచ్చింది, తర్వాత దుమ్ము. దుమ్ము అణిగాక, నిన్న మౌనిక పడుకున్న గది స్లాబు కింద సాంచెల మీద పడి ఉంది. చీర ఉయ్యాల కట్టిన కొక్కెం ఆ స్లాబుకే ఉంది.

మల్లేశం నీళ్లు తెచ్చి మొహం మీద కొడితే సత్తయ్య లేచి, నన్ను చూసి, "సార్... ఒక్క సాంచే నడుస్తుంటే ఇనవడ్డది" అన్నాడు. పనివాళ్లు వచ్చి అన్నీ నడిచి ఉంటే ఆ 'చిట్' అతనికి వినపడేది కాదు. అది మా ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నేను ఆఫీసుకు పోలేదు, ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఇప్పుడు అనుమతులు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. ఇంటాయనే అంతా సరిగ్గా ఉందని రాసిచ్చి, ఫోటోలు పెడతాడు. పని తొందరగా అవుతోంది, లంచాలు తగ్గాయి, మంచిదే. కానీ పిల్లలూ, ఫోటోకు చప్పుడు ఉండదు. ఒక్కసారైనా పోండి. పోయి, నడుస్తున్నవన్నీ ఆపమనండి. మీకు భయమేస్తే దాచుకోకండి.

గడప

సత్తయ్య మళ్లీ ఇల్లు కట్టుకున్నాడు. ఎన్ని తిప్పలు పడి కట్టుకున్నాడో అది అతను చెప్పుకోవాలి. ఈసారి అనుమతి ప్రకారం, సాంచెలు వెనక వేరే షెడ్డులో, ఇల్లు ముందు. కంబాలన్నీ నిండుగా ఉన్నాయి. గృహప్రవేశానికి నన్ను పిలిచారు. అప్పటికి నేను రిటైరై చాలా రోజులైంది.

గడప దగ్గర పంతులు తొందర పెడుతున్నాడు. లచ్చవ్వ మునిమనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఇప్పుడు ఒక చోట నిలవదు, గడప ఎక్కి దూకుతోంది. నన్ను చూడగానే లచ్చవ్వ, "వచ్చినవా సారూ? ఏదీ, చేతులు చూపియ్" అంది.

రిటైరయ్యాక నా చేతులకు వణుకుడు రోగం పట్టుకుంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలుకుతాయి. వెనక్కి దాచుకోబోయాను, ఆమె పట్టేసుకుంది. చూసింది. పిల్లను గడప మీద నుంచి తన దగ్గరికి గుంజుకుంది.

"అవ్వా, గిది భయం కాదు. ముసలితనం. మందులేసుకుంటున్న" అన్నాను.

"గది నాకెట్ల తెలుస్తది?"

"ముహూర్తం దాటుతుందమ్మా" అన్నాడు పంతులు.

"దాటనీ" అంది. "మల్లేశం! వాడకట్టుల సాంచెలన్నీ ఆపుమని చెప్పురా."

మల్లేశం నవ్వలేదు. పోయాడు. ఒక్కో ఇంట్లో చప్పుడు ఆగుతూ వచ్చింది. ఎక్కడో ఒక పసివాడు ఉలిక్కిపడి ఏడ్చి, మళ్లీ ఊరుకున్నాడు. ఆ వాడ అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. లచ్చవ్వ గోడకు అరచెయ్యి ఆనించింది. ఎవరూ నేర్పలేదు ఆమెకు. నేనూ పక్కన చెయ్యి పెట్టాను. ఆ పిల్ల మమ్మల్ని చూసి తనూ రెండు చేతులూ పెట్టింది. మా నాయన తాటిచెట్టు కింద నిలబడినట్టే ముగ్గురం నిలబడ్డాం.

చాలాసేపటికి లచ్చవ్వ అడిగింది. "నాకైతే ఏం ఇనవడ్తలేదు సారూ. నీకు?"

"నాకూ ఏం ఇనవడ్తలేదవ్వా."

"భయం పోయిందా మరి?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "పోలేదు" అన్నాను.

"నాకూ పోలె" అంది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, నా చెయ్యి కూడా పట్టుకుని, "ప, లోపటికి పోదం" అంటూ గడప మీద కాలు పెట్టింది.